గుండీ కుట్టని మాత్ర

"సంతకం పెట్టను."

పొద్దుట్నుంచీ అనీ అనీ ఆ మాట అరిగిపోయింది గానీ కోడలి పట్టు మాత్రం అరగలేదు. కుట్టుమిషను ముందు స్టూలు మీద నిటారుగా కూర్చుని, మెడలో వేలాడుతున్న కొలతల టేపుని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. ఎదురుగా బల్ల మీద ఒక కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను. కాగితంలో ఉన్నది ఒకే ముక్క. అత్తగారికి రోజూ వెయ్యాల్సిన మాత్ర వెయ్యడం తాను మర్చిపోయానని.

"మర్చిపోయానంటే నిర్లక్ష్యం కింద పోతుంది. కావాలని మానేశానంటే హత్యాప్రయత్నం," అన్నాడు ఇన్‌స్పెక్టర్, బేరంలో ఆఖరి ధర చెబుతున్నట్టు. "నేనైతే మర్చిపోయేవాణ్ణి."

"అయితే మీరు మర్చిపోండి. నేను వేశాను. రోజూ, నా చేత్తో, ఆవిడ నాలిక మీద."

గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డ భూతద్దానికి నవ్వొచ్చింది. పైకి తేలనివ్వలేదు.

భూతద్దం ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఏళ్ళ కిందట ఇంకో కేసులో ఇదే ఇన్‌స్పెక్టర్ ఆవిడ లావుపాటి కళ్ళద్దాలు చూసి నలుగురి ముందూ ఎగతాళిగా అన్న మాట. ఆవిడ ఆ మాటనే తన డిటెక్టివ్ ఆఫీసు బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించి, మొదటి కార్డు తీసుకెళ్ళి ఆయన చేతిలోనే పెట్టింది. అప్పట్నుంచీ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు.

"మేడమ్‌కి ఇక్కడేం పనో నాకు తెలీట్లేదు," అన్నాడాయన ఆవిడ వైపు చూడకుండానే.

"నన్ను పిలిచింది ఈ అమ్మాయి. చెప్పాల్సింది తనకే."

నిజమే. పోలీసులు గుమ్మం తొక్కకముందే తనంతట తాను డిటెక్టివ్‌కి ఫోన్ చేసుకున్న ముద్దాయిని భూతద్దం ఇంతవరకూ చూడలేదు. తప్పు చేసిన వాళ్ళు లాయరు కోసం వెతుక్కుంటారు. ఈవిడ మాత్రం, 'మా ఇంటికొచ్చి ప్రతి మూలా వెతకండి, నా ముఖం చూసి నమ్మొద్దు' అంది. ఆ రెండో ముక్కకే భూతద్దం బయల్దేరి వచ్చింది.

జరిగింది ఇది. ఆ ఇంటి పెద్దావిడకి కీళ్ళన్నీ వాచిపోయే జబ్బు. వాపు తగ్గించే స్టెరాయిడ్ మాత్ర ఏళ్ళ తరబడి వాడుతోంది. వారం కిందట పొద్దున్నే వంటింటి గుమ్మంలో తల తిరిగి పడిపోయింది. ఆస్పత్రికి చేర్చేసరికి బీపీ అందట్లేదు. రక్తం పరీక్ష చేస్తే ఒంట్లో ఆ మందు జాడే లేదన్నారు. మాత్ర వేసే పని కోడలిది. ఇన్‌స్పెక్టర్‌కి అంతకంటే ఏం కావాలి?

పెద్దావిడ కొడుకు లోపలి గదిలోంచి ఫోన్ పట్టుకుని వచ్చాడు. నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"పిన్ని ఫోన్ చేసింది. అమ్మ పొద్దుట్నుంచీ మళ్ళీ మగతగా ఉందట. కాళ్ళు వాచాయట." పెళ్ళాం పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "పెట్టెయ్, నీకు దణ్ణం పెడతాను. ఈ గొడవ తెమిలితే నేను ఆస్పత్రికి వెళ్ళాలి. ఒక్క సంతకమే కదా."

"మీకు ఒక్క సంతకం. రేపట్నుంచి ఈ ఇంట్లో నేను కలిపిన అన్నం తినాలంటే కూడా మీరంతా ఆలోచిస్తారు. నేను పెట్టను."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "చూడమ్మా, డబ్బాలో దొరికిన మాత్రలు ల్యాబ్‌కి పంపించాం. నకిలీ కాదు, సుద్దముక్క కాదు, అసలు సిసలు స్టెరాయిడ్ అన్నారు. అంటే ఇంట్లో మందు ఉంది. ఆవిడ రక్తంలో లేదు. ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఇచ్చీ ఇవ్వగానే లేచి కూర్చుంది. అంటే మందు ఒంట్లోకి వెళ్తే పనిచేస్తుంది. మరి నీ చేతిలోంచి ఆవిడ నోట్లోకి వెళ్ళే దారిలో ఏమైనట్టు? కాకెత్తుకుపోయిందా?"

కోడలు టేపుని మళ్ళీ వేలికి చుట్టుకుంది. చెప్పిందే మళ్ళీ చెప్పడం ఆమెకి ఇష్టం లేదు.

భూతద్దం గోడని వదిలి వచ్చి మిషను పక్కన చతికిలబడింది. "మాత్ర ఎలా వేస్తావో ఒకసారి నాకు చూపించు. చెప్పొద్దు, చూపించు."

కోడలు లేచింది. వంటింటి అలమర దగ్గరికి నడిచి, పోలీసులు పట్టుకుపోయిన స్టీలు డబ్బా ఉండే ఖాళీ చోటులో చెయ్యి పెట్టింది. "అత్తయ్య వేళ్ళు వంకర్లు పోయాయి, రేకు నొక్కలేరు. అందుకని వారానికి సరిపడా నేనే రేకుల్లోంచి తీసి డబ్బాలో పోస్తాను. పొద్దున టిఫినవగానే ఒకటి. నేను నాలిక మీద పెడతాను, ఆవిడ నీళ్ళు తాగి నోరు తెరిచి చూపిస్తారు. నేనడగలేదండీ, ఆవిడకే అలవాటు. 'మింగాను చూడు, మళ్ళీ నా కొడుక్కి చాడీలు చెప్పకు' అంటారు."

కొడుకు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఆ మాట రోజూ వినే మాటే అయ్యుంటుంది.

"మాత్ర వేసే పని నీకెప్పుడొచ్చింది?"

"ఏడాది కావస్తోంది. అంతకుముందు చిన్నత్తయ్య చూసేవారు. అత్తయ్య చెల్లెలు. ఒకరోజు అత్తయ్యే డబ్బా తీసి నా చేతిలో పెట్టి, ఇక నువ్వు చూసుకో అన్నారు."

"చిన్నత్తయ్య ఏమన్నారు?"

"ఏమీ అన్లేదు. ఆ రోజు భోంచెయ్యకుండా వెళ్ళిపోయారు."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. "అత్తాకోడళ్ళ కథలు తర్వాత విందాం మేడమ్. జీపు ఎండలో ఉంది."

"నీడలో పెట్టించండి," అంది భూతద్దం. మోచేతి దగ్గర తన జాకెట్టు అంచున దారం ఒకటి వేలాడుతుంటే, మిషను మీదున్న కత్తెర తీసుకుని తెంపబోయింది. దారం తెగలేదు. రెండు అలుగుల మధ్యా నలిగి, మడత పడింది. "ఇదేంటమ్మాయ్, కుట్టేవాళ్ళింట్లో ఇంత మొద్దు కత్తెరా?"

కోడలికి అవమానమైనట్టుంది. హత్యాప్రయత్నం అన్నప్పుడు కూడా అంత ఎర్రబడలేదు ఆ ముఖం. "ఈ మధ్యే అలా అయిందండీ. ఇదివరకు రేకులతో పదును పెట్టేదాన్ని. ఇప్పుడొచ్చే రేకులు పనికిరావట్లేదు."

"ఏ రేకులు?"

"మాత్రల రేకులే. ఖాళీ అయ్యాక నాలుగు మడతలు పెట్టి కత్తెరతో కత్తిరిస్తే అలుగు పదునెక్కుతుంది. మా అమ్మ దగ్గర నేర్చుకున్నా. ఇదివరకటివి రెండు వైపులా దళసరి రేకు. ఇప్పుడు వచ్చేవి ఒక వైపు ప్లాస్టిక్, వెనకాల ఉల్లిపొర లాంటి రేకు. ఎన్ని కత్తిరించినా పదును రాదు."

భూతద్దం కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటే ఏదో దొరికిందని ఇన్‌స్పెక్టర్‌కి అనుభవం. ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

"ఆ ముక్కలు పారేస్తావా?"

"లేదండీ. మిషను కింద బిస్కెట్ల డబ్బాలో వేస్తాను. మళ్ళీ మళ్ళీ పనికొస్తాయి."

"ఇల్లంతా వెతికించాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "చెత్తబుట్ట బోర్లించి మరీ చూశారు మా వాళ్ళు."

"చెత్తబుట్టలో చెత్త దొరుకుతుంది ఇన్‌స్పెక్టర్‌గారూ. ఆడవాళ్ళు దాచుకున్నది కావాలంటే మిషను కింద చూడాలి."

కోడలు వంగి డబ్బా లాగింది. ఏమాత్రం తటపటాయించకుండా మూత తీసి బల్ల మీద బోర్లించింది. ఆ కాగితం మీదే, పెన్ను మీదే. గుండీలు, సూదులు, విరిగిన సుద్దముక్కలు, వాటి మధ్య గలగలమంటూ రేకు ముక్కలు. భూతద్దం వాటిని వేళ్ళతో ఏరడం మొదలుపెట్టింది. దళసరివి ఒక పక్క, పలచనివి ఒక పక్క. దళసరి ముక్కలన్నీ డబ్బా అడుగునుంచి వచ్చినవి, మాసి నల్లబడ్డాయి. పలచనివి ఇంకా మెరుస్తున్నాయి. రెండు రకాల్లోంచీ అక్షరాలున్న ముక్కల్ని పక్కపక్కన పేర్చి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి చదివింది.

"ఈ రేకులు తెచ్చేదెవరు?"

"చిన్నత్తయ్య. ఆవిడ పనిచేసేది మందుల షాపులో. సాయంత్రం ఇటు వచ్చేటప్పుడు తెస్తారు. ఇదేంటి, మారిందేంటి అని నేను అడిగాను కూడా. కంపెనీ మారింది, మందు అదే అన్నారు."

"అదే కదా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గెలిచినట్టు. "ల్యాబ్ వాళ్ళూ అదే జాతి మందన్నారు. కంపెనీ మారితే మేడమ్‌కి కేసు దొరికిపోయిందా?"

భూతద్దం ఆయనకి జవాబివ్వకుండా ఫోన్ తీసి పెద్దావిణ్ణి చూస్తున్న డాక్టరుకి కలిపింది. అందరికీ వినపడేట్టు స్పీకరు పెట్టి ఫోన్ని రేకుల మధ్య ఉంచింది. రెండు పేర్లూ ఒకదాని తర్వాత ఒకటి చదివింది.

అవతల్నుంచి డాక్టరమ్మ గొంతు వచ్చింది. "రెండోది ఎవరు రాశారు? నేను రాయలేదు."

"రెండూ ఒకటే అంటున్నారు ఇక్కడ."

"మీకు ఒకటే, నాకు ఒకటే. ఆవిడకి కాదు."

"ఇక్కడున్నది ఒక కుట్టుపని అమ్మాయి, ఒక పోలీసాయన. ఇద్దరికీ అర్థమయ్యేట్టు చెప్పండి డాక్టరుగారూ."

"సరే, కుట్టుపని అంటే అలాగే చెబుతాను. మొదటి మాత్ర తయారైన చొక్కా. ఒంటికి వేసుకోవడమే. రెండోది కూడా అదే బట్ట, అదే కొలత, అన్నీ అదే. ఒక్క గుండీ కుట్టలేదంతే. దాన్ని మింగితే అలాగే ఉండి వాపు మీద ఏమీ పనిచెయ్యదు. పేగుల్లోంచి లివర్‌కి వెళ్ళాలి. లివర్ కణాల్లో ఒక ఎంజైము ఉంటుంది, దాని పని ఇదే. ఆ మందులో ఒక్క చోట రెండు హైడ్రోజన్ పరమాణువుల్ని తగిలిస్తుంది. గుండీ పడ్డట్టే. అప్పుడది మొదటి మాత్ర అయిపోతుంది. లివర్ బాగున్నవాళ్ళకి ఏ మాత్ర మింగినా చివరికి ఒంట్లో తిరిగేది తయారైన చొక్కానే."

"మరి పెద్దావిడకి?"

"అదేంటి, ఇంట్లో తెలుసు కదా? ఆవిడ లివర్ గట్టిపడిపోయింది, దర్జీ మంచాన పడ్డాడనుకోండి. అందుకేగా నేను ఏరికోరి తయారైనదే రాసింది. గుండీ లేనిది వేస్తే ఈవిడకి చాలావరకు అలాగే బయటికి పోతుంది. పైగా ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ వాడిన ఒళ్ళు దాన్ని సొంతంగా తయారుచేసుకోవడం మానేస్తుంది. అందేది ఆగితే మనిషి కుప్పకూలిపోతుంది. పడిపోయింది అందుకే!" డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "రక్తంలో కూడా మేం తయారైన మందు కోసమే వెతికాం. కుట్టనిది ఉందో లేదో అడగలేదు. అది మా పొరపాటు."

వేలికి చుట్టుకున్న టేపు జారి నేల మీద పడింది. కోడలు దాన్ని తీసుకోలేదు. మొగుడి వైపే చూస్తోంది.

"అత్తయ్యకి లివర్ జబ్బా?"

అతను గోడ వైపు చూస్తూ అన్నాడు. "ఎప్పుడో కామెర్లొచ్చి ముదిరిపోయింది. అమ్మ జీవితంలో చుక్క ముట్టలేదు. అయినా లివర్ అంటే జనం తాగుడనే అనుకుంటారని ఆవిడ భయం. నీకు కూడా చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. కొత్తగా వచ్చిన పిల్ల, పుట్టింట్లో ఏమనుకుంటారో అని..."

"కొత్తగా! నాలుగేళ్ళయింది మీ ఇంటికొచ్చి." ఆమె తల దించలేదు. "రోజూ ఆవిడ నోట్లో చెయ్యి పెట్టేదాన్ని నేను. ఏ జబ్బుకి మందేస్తున్నానో మాత్రం నాకు చెప్పరు. ఎందుకంటే నేను పరాయిదాన్ని."

"ఆ మాట ఇంకొంచెం గట్టిగా అను," అంది భూతద్దం. "ఇన్‌స్పెక్టర్‌గారికి సరిగ్గా వినపడాలి. ఈ పూట నిన్ను కాపాడేది అదే."

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. "ఏంటి కాపాడేది? ఒకే ఇంట్లో ఉంటూ తెలియకుండా ఎలా ఉంటుంది?"

"తెలిసుంటే ఏం చేసేదో మీరే చెప్పండి. ఈ ఆయుధం లివర్ చెడిన మనిషి మీదే పనిచేస్తుంది. మీరు మింగినా నేను మింగినా చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆ సంగతి తెలిసి మాత్ర మార్చిన మనిషి, ఆ రేకుల్ని ఒక్కొక్కటీ కత్తిరించి మిషను కింద దాచుకుంటుందా? కత్తెరకి పదును రావట్లేదని మీ ముందే ఫిర్యాదు చేస్తుందా? మీ మనుషులకి దొరకని సాక్ష్యం తనే తెచ్చి మీ కాగితం మీద బోర్లించింది."

"నాతో కూడా అన్నారావిడ," స్పీకర్లోంచి డాక్టరమ్మ అందుకుంది. "కోడలొస్తే లివర్ మాటెత్తకండి అని. ప్రతిసారీ."

ఇన్‌స్పెక్టర్ రేకుల కుప్ప వైపు చూశాడు. ఆయన ఓడిపోవడం ఇష్టం లేని మనిషే గానీ లెక్క రానివాడు కాదు. ముఖం మెల్లగా కొడుకు వైపు తిరిగింది. "అయితే తెలిసినవాడివి నువ్వు."

"నేనా! నాకు లివర్ సంగతి తెలుసు గానీ ఈ మాత్రల తేడా నాకెక్కడ తెలుసు సార్? నేను పనిచేసేది సిమెంటు గోడౌన్లో."

"మరి రెండూ తెలిసినవాళ్ళెవరు?" అంది భూతద్దం. "జబ్బూ తెలిసి, మాత్రా తెలిసి, రేకు తెచ్చి ఇచ్చే వీలుండి..."

పేరు చెప్పాల్సిన పని లేకపోయింది. కొడుకు తన చేతిలోని ఫోన్ వైపు చూసుకున్నాడు. కోడలు మాత్రం ఉన్నట్టుండి కదిలింది.

"ఇప్పుడు అక్కడ మాత్ర ఎవరేస్తున్నారు?"

ఆ ప్రశ్న భూతద్దం నాలిక చివర ఉన్నదే. తనకంటే ముందు ఆ పిల్ల అడిగినందుకు ఆవిడకి లోపల మెచ్చుకోలు కలిగింది.

"డాక్టరుగారూ, ఇంజెక్షన్ ఇంకా ఇస్తున్నారా?"

"లేదు, తేరుకున్నారని మొన్న ఆపేసి మాత్రల్లోకి మార్చాం. నేను రాసింది తయారైనదే. మా దగ్గర స్టాకు లేకపోతే వాళ్ళ చెల్లెలు షాపు నుంచి తెస్తానన్నారు..." మాట అక్కడే తెగింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. "నేను పక్క బిల్డింగులో ఉన్నాను. ముందు నర్సుని పరిగెత్తిస్తాను. లైన్లో ఉండండి."

పొద్దుట్నుంచీ మగత. కాళ్ళ వాపు. కోడలు ఆ ఆస్పత్రి గుమ్మం తొక్కి వారమైంది. అయినా పెద్దావిడ మళ్ళీ పడిపోతోంది. దానికంటే సాక్ష్యం ఇంకేం కావాలి? కానీ ఆ సాక్ష్యం ఆవిడ ప్రాణం మీద నడుస్తోంది.

"మీ పిన్నికి ఫోన్ చెయ్యి. స్పీకరు పెట్టు. మామూలుగా మాట్లాడు," అంది భూతద్దం.

అతని వేలు రెండుసార్లు తప్పు చోట పడింది. మూడో మోతకే ఎత్తారు.

"చెప్పు నాన్నా." మెత్తటి గొంతు. అలసిపోయిన గొంతు. "అక్క పడుకుంది. ఏమైంది అక్కడ? దాన్ని తీసుకెళ్ళారా?"

కొడుకు నిస్సహాయంగా తలెత్తాడు. పొద్దుట్నుంచీ ఒక్క అబద్ధం మీద సంతకం పెట్టనని మొండికేసిన కోడలు, అతని చెవి దగ్గరికి వంగింది. "తీసుకెళ్ళారని చెప్పండి."

"తీ... తీసుకెళ్ళారు పిన్నీ."

అవతల పెద్ద నిట్టూర్పు. "పోన్లే. పదేళ్ళు ఆ డబ్బా నా చేతిలో ఉంది, అక్కకి చిన్న జ్వరం కూడా రానిచ్చానా? నీ పెళ్ళాం చేతికిచ్చింది, చూడు ఏమైందో. నేనేం ఎక్కువ కోరుకోలేదు నాన్నా. ఓ నాలుగు రోజులు నలతగా ఉంటే, తప్పు తెలుసుకుని డబ్బా నాకే ఇస్తుందనుకున్నా. పడిపోతుందని నేను..." వెనక ఎక్కడో పెద్దావిడ మాట, ముద్దగా, కానీ మొండిగా వినిపించింది. "నా కోడలేదీ? అది వేస్తేనే మింగుతా. నీ చేత్తో నాకొద్దు."

"విన్నావా? ఇప్పటికీ అదే పాట." అవతల కవరు చింపుతున్న చప్పుడు. "మాత్రలు ఉమ్మేస్తోంది. సరే, మాత్రలొద్దు. ఇంజెక్షన్ తెచ్చుకున్నా షాపు నుంచి. నిద్ర పడుతుంది, నెమ్మదిస్తుంది. ఎవరో తలుపు బాదుతున్నారు, బాదనీ. గడియ పెట్టుకున్నాను."

"ఏ ఇంజెక్షన్?" బల్ల మీది రెండో ఫోన్లోంచి, పరిగెత్తుతున్న రొప్పుతో డాక్టరమ్మ అరిచింది. "ఆ లివర్‌కి నిద్రమందు ఇస్తే మనిషి మళ్ళీ లేవదు! ఆపమనండి!"

భూతద్దం ఆ ఫోన్ని అరచేత్తో కప్పింది. ఆలస్యమైపోయింది.

"ఎవర్రా అది?" అంది పిన్ని. ఆ గొంతులో ఇక మెత్తదనం లేదు. "నీ పక్కనెవరున్నారు?"

కోడలు మొగుడి చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఆపబోయిన భూతద్దం చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"అత్తయ్యా!" పిన్నికి కాదు, ఆ వెనకున్న మనిషికి వినపడేంత గట్టిగా అరిచింది. "నేనే. వస్తున్నాను. నేనొచ్చేదాకా ఎవర్నీ చెయ్యి పట్టుకోనివ్వకండి. అరవండి. గిల్లండి. కొరకండి!"

అవతల ఏదో గాజుది నేల మీద పడి భళ్ళుమంది. లైను తెగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపు తాళాలు తీసుకున్నాడు. గుమ్మం దగ్గర భూతద్దం వైపు తిరిగి, "రండి మేడమ్," అన్నాడు. కొడుకు చెప్పుల్లేకుండానే మెట్లు దిగాడు.

కోడలు రేకుల కుప్పలోంచి పెన్ను తీసింది. మూత పెట్టింది. సంతకం లేని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మొద్దు కత్తెరతో నమిలినట్టు అడ్డంగా రెండు ముక్కలు చేసి, పెన్నుతో సహా ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది. తర్వాత వాళ్ళందరికంటే ముందు నడిచి, తనని పట్టుకుపోవడానికి వచ్చిన జీపులో, డ్రైవరు పక్క సీట్లో ఎక్కి కూర్చుంది.

"పోనివ్వండి," అంది. "మా అత్తయ్య మాత్రకి నోరు తెరవకుండా నా కోసం కూర్చున్నారు."